బడిపిల్లలకు ఆరోగ్యపు అలవాట్లు

ఐదారేండ్ల బిడ్డ బడిలో చేరిన దినమున ఆ బిడ్డ జీవితములో రెండు మార్పులు ఒక్కసారిగా కలుగును. మొదటిది అందరకు తెలిసినదే: పలక, బలపము, అక్షరములు, అంకెలు. రెండవది కంటికి కానరానిది. అంతవరకు ఇంటిలోని నలుగురైదుగురితో మెలగిన బిడ్డ ఆ దినము మొదలు ముప్పది నలువదిమంది పిల్లలతో ఒకే గదిలో కూర్చుండును. ఒకే కుండలోని నీరు త్రాగును. ఒకే మరుగుదొడ్డిని వాడును. ఒక బిడ్డకు వచ్చిన దగ్గు పదిమందికి ప్రాకుటకు, ఒక తలలోని పేలు పది తలల కెక్కుటకు ఇంతకంటె అనుకూలమగు చోటు వేరొకటి లేదు. మంచి అలవాటు ప్రాకుటకును ఆ చోటు అంతే అనుకూలము. తోటివాడు చేసిన పనిని తానును చేయవలెనను కోరిక ఆ వయసులో ఉన్నంత బలముగా మరి ఏ వయసులోను ఉండదు. మొక్కై వంగనిది మానై వంగునా అని పెద్దలు చెప్పిన మాట ఈ విషయమున అక్షరాల నిజము.

పాఠశాల ఆరోగ్యమునకు పునాది కావలెనను ఆలోచన మన దేశమునకు క్రొత్త కాదు. 1909లోనే బరోడా నగరమున బడిపిల్లలకు వైద్యపరీక్షలు ప్రారంభమైనవి. సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన 1943లో నియమింపబడిన సంఘము 1946లో సమర్పించిన నివేదికలో పాఠశాలల ఆరోగ్యసేవను గూర్చి చర్చించినది. శ్రీమతి రేణుకా రే అధ్యక్షతన 1960లో ఏర్పడిన సంఘము మరుసటి సంవత్సరము ఈ విషయముపైననే తన నివేదిక నొసగినది. 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము, 2020లో ఆయుష్మాన్ భారత్ క్రింద పాఠశాల ఆరోగ్య కార్యక్రమము ఆరంభమైనవి. ఇన్ని ఏర్పాట్లు జరిగినను ఒక విషయము మారలేదు. వైద్యబృందము బడికి ఏడాది కొకసారి వచ్చిపోవును. ఉపాధ్యాయుడు ప్రతిదినము ఉండును. కావున పిల్లల ఆరోగ్యములో అధికభాగము ఉపాధ్యాయుని చేతిలోనే ఉన్నది.

పాఠము వేరు, అలవాటు వేరు

భోజనమునకు ముందు చేతులు కడుగుకొనవలెనని ఏ బడిలోనైనను పిల్లల నడిగినచో అందరు ఏకకంఠముతో అవునందురు. ఆ పిల్లలే గంట కొట్టగానే పలకలు దించి, పళ్ళెములు పట్టుకొని, సుద్దముక్క అంటిన చేతులతోనే అన్నమునకు కూర్చుందురు. తెలియక చేసిన తప్పు కాదిది. తెలిసినది చేతికి రాకపోవుటయే ఇందలి లోపము. ఈత గూర్చి పుస్తకము చదివినంత మాత్రమున ఎవరికిని ఈత రాదు. ఆరోగ్యసూత్రమును కంఠస్థము చేసినంత మాత్రమున అలవాటు కాదు.

అలవాటునకు మూడు కావలెను: ప్రతిదినము ఒకే వేళ, పని చేయుటకు తగిన వసతి, పెద్దల ఆదర్శము. ఈ మూడును బడిలో సమకూర్చుట సులభము. 2009 నాటి విద్యాహక్కు చట్టము ఒకటవ తరగతి నుండి ఐదవ తరగతి వరకు ఏడాదికి 200 పనిదినములను విధించినది. మధ్యాహ్నభోజనమునకు ముందు దినమునకు ఒక్కసారి సబ్బుతో చేతులు కడిగించినను, ఐదేండ్లలో ఒక బిడ్డ ఆ పనిని వేయిసార్లు చేయును. వేయిసార్లు చేసిన పని ఇక చెప్పించుకొని చేసెడి పనిగా మిగులదు.

చేతులు

చేతికి అంటిన సూక్ష్మక్రిములు కేవలము దుమ్ములో ఉండవు; చర్మముపైనుండు పలుచని జిడ్డును పట్టుకొని ఉండును. నీరు ఆ జిడ్డుపైనుండి జారిపోవును. సబ్బు ఆ జిడ్డును విడదీసి నీటితో కలిసి పోవునట్లు చేయును. అందుచేతనే ఉత్త నీటితో తడిపిన చేయి తెల్లగా కనబడినను శుభ్రము కాదు. కరాచీ నగరపు పేదవాడలలో జరిపి 2005లో లాన్సెట్ పత్రికలో ప్రకటించిన పరిశోధన ఈ విషయమును స్పష్టపరచినది. అచట కొన్ని కుటుంబములకు సబ్బు నిచ్చి, ఇంటింటికి వెళ్ళి చేతులు కడుగుకొను పద్ధతిని బోధించిరి. ఆ యిండ్లలో ఐదేండ్లలోపు పిల్లలకు న్యుమోనియా సగము తగ్గినది. పదునైదేండ్లలోపు పిల్లలకు అతిసారము సగముకంటె కొంచె మెక్కువగనే తగ్గినది. ఖరీదైన క్రిమిసంహారక సబ్బునకును సాధారణపు సబ్బునకును ఫలితములో భేదము కానరాలేదు. కావున బడికి కావలసినది మామూలు సబ్బు మాత్రమే.

చేతులు కడుగు పద్ధతిని ఒక ఆటవలె నేర్పవచ్చును. చేతులు తడిపి, సబ్బు రాచి, అరచేతులు, చేతుల వెనుకభాగము, వ్రేళ్ళ సందులు, బొటనవ్రేళ్ళు, గోళ్ళ కొనలు వరుసగా రుద్దవలెను. రుద్దుట ఇరువది సెకనులైనను సాగవలెను. చిన్న పిల్లలకు సెకనులు తెలియవు గాని ఎక్కములు తెలియును. రెండవ ఎక్కమును నిదానముగా పదివరకు చెప్పుటకు ఇంచుమించు అంతే కాలము పట్టును. ఎక్కము ముగియునంతవరకు రుద్దవలెనను నియమము పెట్టినచో చేతులకు శుభ్రత, నోటికి ఎక్కము రెండును కలసివచ్చును. కడిగిన చేతులను లాగుకు, పరికిణీకి తుడువక గాలికి ఆరనీయవలెను.

వసతి లేనిచోట బోధ వ్యర్థము. నలువదిమంది పిల్లలకు ఒకే కుళాయి ఉన్నదనుకొందము. తడుపుట, రుద్దుట, కడుగుట కలిపి ఒక్కొక్కరికి నలువది సెకనులు పట్టినను, అందరికి ఇరువదియైదు నిమిషములకు పైగా కావలెను. అంతసేపు ఆకలితో నిలుచుండు పిల్లవాడు వరుసనుండి జారుకొనుటలో వింత లేదు. ఒక పొడవైన గొట్టమునకు జానెడేసి దూరమున పది రంధ్రములు చేసి, ఒక చివర మూసి, రెండవ చివర నీటితొట్టికి తగిలించినచో పదేసిమంది చొప్పున నాలుగు జట్లుగా మూడు నిమిషములలో పని ముగియును. గొట్టము ఎత్తు చిన్నవారి చేతి కందునట్లుండవలెను.

నీరు తక్కువగా ఉన్న పల్లెలో మరియొక ఉపాయము కలదు. ఐదులీటర్ల డబ్బా మెడకు దిగువగా చిన్న రంధ్రము చేసి, రెండు గుంజల నడుమ అడ్డకఱ్ఱకు వ్రేలాడదీసి, మూతకు కట్టిన త్రాడును నేలపైనున్న పుల్లకు ముడివేయుదురు. పుల్లను కాలితో త్రొక్కగనే డబ్బా వంగి సన్నని ధార పడును. కుళాయిని చేతితో ముట్టవలసిన పని లేదు. నీరు వృథా కాదు. సబ్బుబిళ్ళను పాత వలసంచిలో వేసి అచటనే కట్టినచో అది మట్టిలో పడదు, మాయము కాదు. దీని నమర్చు పనిని నాలుగు, ఐదు తరగతుల పిల్లలకే అప్పగింపవచ్చును. తాము కట్టిన దానిని వారు తామే కాపాడుకొందురు.

కాళ్ళు, మరుగుదొడ్డి

బయటినుండి వచ్చినవారు కాళ్ళు కడుగుకొని ఇంటిలోనికి రావలెనను ఆచారము మన యిండ్లలో తరతరాలుగా ఉన్నది. చెప్పులు తొడుగుటయు, మరుగుదొడ్డిని వాడుటయు దానికి తోడు కానిదే ఆ ఆచారమునకు పూర్తి ఫలితము లేదు. కొంకిపురుగుల పిల్లలు మలముతో చెడిన తడినేలలో పెరిగి, వట్టికాళ్ళ చర్మమును తొలుచుకొని శరీరములో ప్రవేశించును. పెరిగిన పురుగులు ప్రేగులను పట్టుకొని రక్తమును పీల్చును. ఏలికపాము మరియొక దారిన వచ్చును. ఒక ఆడపురుగు దినమునకు రెండులక్షల వరకు గ్రుడ్లు పెట్టగలదు. ఆ గ్రుడ్లు నేలలో కొన్ని వారములు పరిపక్వమై, గోళ్ళలోని మట్టిద్వారా, కడుగని కూరగాయలద్వారా నోటిలోనికి చేరును. పురుగులున్న బిడ్డ అన్నము తినినను కండ పట్టదు. పాఠము విన్నను మనసు నిలువదు.

2015లో ఆరంభమైన జాతీయ నులిపురుగుల నిర్మూలన దినమున బడులలోను, అంగన్‌వాడీలలోను పిల్లలకు ఆల్బెండజోల్ మాత్ర ఇచ్చుచున్నారు. ఇందుకు నిర్ణయించిన దినములు ఫిబ్రవరి 10, ఆగస్టు 10. బడివయసు పిల్లలకు 400 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి. దానిని మ్రింగక నమలి, నీరు త్రాగవలెను. ఆనాడు జబ్బుగా ఉన్న బిడ్డకు ఇయ్యక, కోలుకొన్న పిమ్మట ఇయ్యవలెను. మాత్ర కడుపులోని పురుగులను చంపును గాని రేపు ప్రవేశించు పురుగులను ఆపజాలదు. ఆ పని చేయవలసినవి చెప్పులు, సబ్బు, మరుగుదొడ్డి.

బడి మరుగుదొడ్డి దుర్వాసనతోనున్న యెడల పిల్లలు, ముఖ్యముగా ఆడపిల్లలు, దానిని వాడక బిగబట్టుకొందురు. బిగబట్టవలసి వచ్చునని నీరే త్రాగరు. దానివలన మలబద్ధము, మూత్రసంబంధమగు బాధలు కలుగును. గొళ్ళెము, నీరు, వెలుతురు ఉన్న మరుగుదొడ్డిని చూపి, దానిని వాడు విధమును, వాడిన పిదప నీరు పోయుటను ఒకటవ తరగతిలోనే నేర్పవలెను. దానిని శుభ్రపరచు పనిని కొందరు పిల్లలకే అప్పగించుట, అందును కులమునుబట్టి అప్పగించుట, ఎంతమాత్రము కూడదు. అది అస్పృశ్యతను రద్దుచేసిన మన రాజ్యాంగమునకే విరుద్ధము. శుభ్రత పేర ఒక బిడ్డను హీనపరచు బడి ఏ ఆరోగ్యమును నేర్పజాలదు.

పండ్లు

పాలపండ్లు ఇరువది. అవి ఊడి పోవునవే గదా యని తల్లిదండ్రులు ఉపేక్షింతురు. ఇందులో పెద్ద పొరపాటు కలదు. ఆరవయేట, ఏ పాలపన్నును ఊడకుండనే, వరుస చివర ఒక్కొక్క వైపున ఒక్కొక్కటిగా నాలుగు క్రొత్త దంతములు మొలచును. ఇవి పాలపండ్లు కావు; జీవితాంతము ఉండవలసిన పెద్ద దంతములు. బిడ్డ బడిలో చేరు వయసును, తీపిబిళ్ళలు కొనుక్కొను వయసును, ఈ దంతములు మొలచు వయసును ఒక్కటే. పండ్ల సందులలోని క్రిములు తీపిని ఆమ్లముగా మార్చును; ఆ ఆమ్లము దంతమును తినివేయును. ఉదయము ఒకసారి, రాత్రి పడుకొనుటకు ముందు ఒకసారి పండ్లు తోముకొనవలెను. రెంటిలో రాత్రి తోముటయే మన యిండ్లలో లోపించినది. ఫ్లోరైడు గల పేస్టు బఠాణిగింజంత చాలును. దానిని మ్రింగక ఉమ్మివేయవలెను.

త్రాగునీటిలో ఫ్లోరైడు అధికముగా ఉన్న ప్రాంతములలో పిల్లల పండ్లపై గోధుమరంగు చారలు కనబడును. ఈ జాడ్యమును మన దేశమున మొదట 1937లో నాటి నెల్లూరు మండలమున గుర్తించిరి. ఇట్టి చారలు తోముకొననందున వచ్చినవని ఆ పిల్లలను నిందింపరాదు. వారికి కావలసినది సురక్షితమైన నీరు.

అన్నము

1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా పుట్టి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ మన ఆహారపదార్థముల పోషకవిలువలను లెక్కకట్టి పట్టికలు ప్రకటించినది. ఆ పట్టికలను చూచినచో ఖరీదైన తిండియే బలమను భ్రమ తొలగిపోవును. తోటకూర, మునగాకు, వేరుసెనగ, కందిపప్పు, జామకాయ, ఉసిరికాయ మన పెరటిలోనో, సంతలోనో దొరకునవే.

అయినను రక్తహీనత మన పిల్లలను వదలలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆరు నెలలు మొదలు ఐదేండ్లలోపు పిల్లలలో నూటికి 67మంది రక్తహీనులని తేలినది. అనగా అనేకమంది పిల్లలు బడి గడప త్రొక్కకముందే ఈ లోపముతో ఉన్నారు. 5 నుండి 9 ఏండ్ల బడిపిల్లలకు వారమున కొకటి చొప్పున ఇనుము, ఫోలిక్ ఆమ్లము గల గులాబిరంగు మాత్ర ఇందుకొరకే. దానిని భోజనానంతరము ఇయ్యవలెను. మాత్ర తిన్న పిదప మలము నల్లబడిన యెడల భయపడనక్కర లేదు. ఈ మాటను తల్లులకు ముందుగనే చెప్పినచో మాత్ర ఆగదు. నిమ్మ, జామ, ఉసిరి వంటివి ఆహారములోని ఇనుము ఒంటబట్టుటకు తోడ్పడును. భోజనముతోపాటు త్రాగు టీ దానికి అడ్డుపడును. బడిపిల్లలకు టీ అలవాటు చేయకుండుట మేలు.

బడి ఆవరణలో నాలుగు మడులు త్రవ్వి, తోటకూర చల్లి, మూలన ఒక మునగకొమ్మ నాటిన యెడల పోషకాహారపాఠమునకు వేరు పుస్తకము కావలసిన పని లేదు. తాను నీరు పోసి పెంచిన ఆకుకూరను పళ్ళెములో వదలివేయు బిడ్డ అరుదు.

కన్నులు, చెవులు

పుట్టుకనుండి మసకగా చూచు బిడ్డకు లోకమెల్ల అట్లే ఉండునని తోచును. తనకు కనబడుటలేదని ఆ బిడ్డ చెప్పదు, చెప్పవలెనని తెలియదు. అట్టి బిడ్డ నల్లబల్లను చూడక ప్రక్కవాని పలకను చూచి వ్రాయును, కన్నులు చిట్లించును, పుస్తకమును ముక్కునకు చేర్చి చదువును. చెవినుండి చీము కారు బిడ్డ పిలిచిన పలుకక, అడిగినదానికి వేరొక జవాబు చెప్పును. ఇట్టివారిని మందబుద్ధులని, అశ్రద్ధగలవారని వెనుకవరుసకు నెట్టుట ఎన్నో బడులలో జరుగు అన్యాయము. ఆరు మీటర్ల దూరమున అక్షరముల పటమును తగిలించి, ఒక్కొక్క కంటిని అరచేతితో మూసి చదివించుటకు ఒక తరగతికి ఒక పూట చాలును. సందేహము కలిగిన పిల్లలను వైద్యబృందమునకు చూపవలెను. ఒక జత కళ్ళజోడు చదువు మానబోవు బిడ్డను బడిలో నిలుపగలదు.

అవమానము కూడదు

వారమున కొకసారి గోళ్ళు, జుట్టు, దుస్తులు పరీక్షించు ఆచారము పెక్కు బడులలో కలదు. ఆచారము మంచిదే, చేయు పద్ధతిలో మెలకువ కావలెను. మాసిన చొక్కా తొడిగిన బిడ్డను అందరియెదుట నిలబెట్టినచో ఆ బిడ్డ నేర్చుకొనునది శుభ్రత కాదు, బడికి రాకుండుట. ఆ యింట ఒకే చొక్కా ఉండవచ్చును. బిందెడు నీటికి తల్లి మైలుదూరము నడువవచ్చును.

పేలు పేదరికమునకు గాని, మురికికి గాని గుర్తు కావు. తల తలకు తగిలినచో శుభ్రమైన జుట్టునకును ఎక్కును. అందుచేత బిడ్డను బడినుండి పంపివేయక, తల్లికి ఒంటరిగా చెప్పి, తడిజుట్టును సన్నపళ్ళ దువ్వెనతో దువ్వు పద్ధతిని నేర్పవలెను. ఈపులు ఇంచుమించు వారమునకు చిట్లును గనుక వారము, పది దినములకు మరల దువ్వి చూడవలెను. ఇంటిలోని వారందరి తలలను అదే వేళ చూడనిదే పేలు పోవు.

గోళ్ళు కత్తిరించు సాధనము, దువ్వెనలు, అద్దము, సూదిదారము ఒక పెట్టెలో ఉంచి, బడి మూలన ఒక చోటు ఏర్పరచినచో, తప్పు పట్టుటకు బదులు తప్పు దిద్దుకొనుటకు వీలుండును. దువ్వెనను ప్రతి వాడుక తరువాత కడుగవలెనని చెప్పవలెను. అద్దములో తన ముఖమును తాను చూచుకొని చీమిడి తుడుచుకొన్న బిడ్డకు వేరొకరి మందలింపు అక్కర లేదు.

ఇంటికి పోవు మాట

బడిలో నేర్చినది ఇంటిలో సాగనిచో సగమే ఫలము. అయితే బిడ్డను ఇంటిపెద్దలకు బోధకునిగా పంపరాదు. "మీకు తెలియదు, మా మాస్టరు చెప్పినారు" అని ఏడేండ్లవాడు అవ్వతో అన్నచో అవ్వకు కోపమే వచ్చును. ఇంటిలో నున్న మంచిని గుర్తించి మొదలుపెట్టుట ఉత్తమము. ఎంగిలి అను భావమును ఉదాహరణముగ గైకొనవచ్చును. ఒకరు నోటికి తగిలించి త్రాగిన పాత్రలో వేరొకరు త్రాగరాదని మన అవ్వలు నేర్పిన నియమము, దగ్గు జలుబులు వ్యాపింపకుండ కాపాడు నియమమే. ఆ మాటను మెచ్చుకొని, త్రాగునీటి కుండలో చేయి ముంచుటయు ఎంగిలివంటిదేనని, పొడవైన కాడగల గరిటెతో ముంచవలెనని చెప్పినచో అవ్వయే కుండకు కాపలా కాయును.

నిద్రను గూర్చియు తల్లిదండ్రులతో మాటలాడవలెను. ఆరు మొదలు పండ్రెండేండ్ల పిల్లలకు రాత్రి తొమ్మిది గంటలకు తగ్గని నిద్ర కావలెను. పడకపై సెల్‌ఫోను ఉన్న యింట ఆ నిద్ర దొరకదు. దినమునకు గంటసేపైనను పరుగులెత్తు ఆటలాడిన బిడ్డకు నిద్ర తానే వచ్చును. ఐదారేండ్లకు ఇయ్యవలసిన డి.పి.టి. టీకా, పదియేండ్లకు ఇయ్యవలసిన టి.డి. టీకా వేయించినదియు లేనిదియు అడిగి తెలిసికొనుట ఈ సందర్భమునకే తగియున్నది.

ఒక నెలకు ఒక అలవాటు

అన్నిటిని ఒక్కసారి మొదలుపెట్టిన బడిలో ఏదియు నిలువదు. జూన్ నెలలో బడులు తెరచినది మొదలు చేతులు కడుగుకొనుట ఒక్కటే పట్టవలెను. వానలు ముదిరిన జూలైలో చెప్పులు, త్రాగునీరు. ఆగస్టులో నులిపురుగుల మాత్ర, మరుగుదొడ్డి. ఆ పిమ్మట పండ్లు, కన్నుల పరీక్ష, కూరమడులు వరుసగా రావచ్చును. క్రొత్తది చేర్చునపుడు పాతది ఆగరాదు. ఉపాధ్యాయుడు తానును పిల్లల వరుసలో నిలిచి చేతులు కడుగుకొనవలెను. నేలపై ఉమ్మివేయు ఉపాధ్యాయుని బడిలో ఉమ్మరాదను పాఠము నిలువదు.

అలవాటు కుదిరినదో లేదో పరీక్షాపత్రమువలన తెలియదు. ఉపాధ్యాయుడు లేనిచోట, గంట మ్రోగనిచోట తెలియును. సెలవుదినమున బంధువుల పెండ్లికి పోయిన బిడ్డ, పందిటిలో ఆకులు వేయుట చూచి, ఎవరును చెప్పకుండనే లేచి, "సబ్బు ఎక్కడ నున్నది?" అని అడిగిన నాడు ఆ బడి తన పనిని చేసినదని చెప్పవచ్చును.